చూసినట్టు సంతకం

సూరత్‌లో, గోడాదరాలోని ఆ కొట్టుకు ‘నవత ఎలక్ట్రిక్’ అని పేరు పెట్టింది నవత అన్న పరమేశే. బోర్డు మీద ఆ పేరు గుజరాతీలో పెద్దగా, హిందీలో మధ్యరకంగా, తెలుగులో చోటు మిగిలినంత మేర ఇరుకుగా ఉంటుంది. లోపల గల్లాపెట్టె వెనక గోడకు మార్కండేయ మహర్షి పటం ఉంది. దాని పక్కనే, అదే ఎత్తులో, అదే రకం అద్దాల చట్రంలో నవత ఎలక్ట్రీషియన్ లైసెన్సు ఉంది. పొద్దున షట్టరు ఎత్తగానే పరమేశ్ రెండింటికీ కలిపి ఒకే అగరుబత్తి తిప్పుతాడు. ముందు ఎవరికి తిప్పుతున్నాడా అని నవత కొన్నాళ్లు గమనించి, నవ్వుకుని మానేసింది.

లైసెన్సుకు అంత మర్యాద జరిగే ఆ కొట్లో లైసెన్సు గల మనిషికి దొరికింది ఒక ప్లాస్టిక్ స్టూలు. దాని మీద కూర్చుని బల్బులు అమ్ముతుంది, టేపు చుట్టలు అమ్ముతుంది, వచ్చినవాళ్లు ‘భాయ్ ఎక్కడ?’ అంటే ఎక్కడున్నాడో చెబుతుంది. ఐటీఐలో మగపిల్లల మధ్య నిచ్చెన ఎక్కి, ప్యానెళ్లు విప్పి, పరీక్ష రాసి గెలిచిన పిల్లకు అది పనే కాదు. కానీ అన్న అన్నాడు కదా, కొన్నాళ్లు ఓపిక పట్టమని. అన్న మాట మీద ఆమెకు గురి.

నిబంధన సంగతి చెప్పాలి. మరమగ్గాల కార్ఖానాకు కొత్త కనెక్షన్ కావాలన్నా, ఉన్న లోడు పెంచుకోవాలన్నా, లోపలి వైరింగును స్వయంగా పరీక్షించి చూశానని లైసెన్సున్న మనిషి సంతకం పెట్టాలి. ఎక్కడ ఏ అగ్నిప్రమాదం జరిగినా ఆ నిబంధన ఇంకాస్త బిగుసుకుంటోంది. మంచి నిబంధనే. రాసినవాడు జనం ప్రాణాలను తలుచుకునే రాసి ఉంటాడు. కాకపోతే గోడాదరాలో వైరింగు చేసే చేతులు బోలెడు, లైసెన్సున్న చేతులు తక్కువ. అందుకని రేటంతా పోయి సంతకం మీద కూర్చుంది. ఒకప్పుడు గంగారాం కాకా సైకిలు మీద తిరుగుతూ చేసిపెట్టిన పనికే ఇప్పుడు మూడింతలు ఇచ్చుకోవాలి. పని చేసేది మాత్రం ఇప్పటికీ గంగారాం కాకానే. పరమేశ్ దగ్గర రోజు కూలికి చేస్తున్నాడు. ఆయన కూలి మూడింతలు కాలేదు, ఒకింత కూడా పెరగలేదు.

రాఖీ పున్నమి దగ్గర పడింది. ముసురు పట్టి, ఖాడీ వాగు నీళ్లు లోతట్టు గల్లీల్లోకి ఎగదన్నుతున్నాయి. పరమేశ్ తడిసిన గొడుగును గుమ్మం బయట దులిపి, లోపలికొచ్చి చెల్లెలి ముందు కాగితాలు పెట్టాడు.

“జల్దీ పెట్టే. కరెంటాఫీసు బంద్ అయితది.”

“ఎవరియి అన్నా?”

“లింబాయత్‌ల ఒక గాళా. ఆరు మగ్గాల కార్ఖానా.”

“నేనొక్కసారి పోయి చూసొస్త. షటిల్ రిక్షా ఎక్కితే ఎంతసేపు?”

“చూసేదేమున్నదే? కాకా చేసిండు. నీకు టెస్టరు పట్టుడు నేర్పినోడు గాయన. ఆయన పని నువ్వు చెక్ చేస్తవా?” పరమేశ్ నవ్వాడు. “ఆడపిల్ల నిచ్చెనెక్కితే మన పద్మశాలోళ్లు రేపు ఏమనుకుంటరో ఎరుకేనా? పెండ్లి సంబంధాలు సుత రావు.”

ఆమె కూడా నవ్వి సంతకం పెట్టింది. గంగారాం కాకా పేరు చెబితే ఆమె ఇంకేమీ అడగదు. చిన్నప్పుడు ఆ కాకా సైకిలు వెనక కూర్చుని ఎన్ని కార్ఖానాలు తిరిగిందో. ఆయన వైరు ముడేస్తే జడ అల్లినట్టుండేది.

పరమేశ్ అటు వెళ్లగానే ఫోను మోగింది. సమ్మక్క. సొంత ఊళ్లో ఉన్నప్పటి నుంచీ రెండు కుటుంబాలకూ రాకపోకలున్నాయి. నవత ఆమెను అత్తా అని పిలుస్తుంది. నిరుడు వాళ్లు కొత్తగా నాలుగు మగ్గాలు వేసి లోడు పెంచుకున్నప్పుడు పని చేసిందీ, సంతకం పెట్టిందీ ఈ కొట్టే.

“బిడ్డా, మా కరుణకు మగ్గం కాడ కరెంటు కొట్టింది,” అంది సమ్మక్క. వెనక మగ్గాల చప్పుడు లేదు. ఫోనులో ఆ చప్పుడు లేకుండా సమ్మక్క గొంతు నవత ఎప్పుడూ విని ఎరగదు. “కింద పడ్డది. డాక్టరు చూసిండు, పానానికేం లేదన్నడు. జర నువ్వొచ్చి చూడవా?”

నవత సంచిలో ప్లయరు, టెస్టరు, వైర్లు బిగించిన బల్బు హోల్డరు వేసుకుంది. కొట్టుకు షట్టరు దించింది.

*

సమ్మక్క వాళ్ల కార్ఖానా కింద, ఇల్లు పైన. ఎనిమిది మగ్గాలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. గోడలు వానకు చెమర్చి ఉన్నాయి. సమ్మక్క మొగుడు సాంబయ్య ఆగిపోయిన మగ్గం దగ్గర గొంతుక్కూర్చుని, తెగిన పోగులను ఒక్కొక్కటే ముడి వేస్తున్నాడు. పని లేనప్పుడు చేతులకు ఏదో ఒకటి కావాలి కదా.

సమ్మక్క చేతుల్లోనే పెరిగిన మేనకోడలు, ఇప్పుడు కోడలైన కరుణ పైన మంచం మీద ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. నవతను చూసి లేవబోయింది.

“లేవకు. ఎట్లయింది?”

“షటిల్ల నాడె మార్సుదామని చెయ్యి పెట్టిన. ఎడమ చెయ్యి గోడకు ఆనింది. గంతే, పట్టుకున్నది. ఇడువదు. మామ మెయిన్ బంద్ చేసిండు గని...” కరుణ ఎడమచేత్తో కట్టును తడుముకుంది. “మునుపు సుత జుమ్ము జుమ్ముమంటుండె నవతా. వానకాలం గదా, అంతేలే అనుకొని రబ్బరు చెప్పులేసుకొని చేస్తుంటిమి.”

“మా అన్నకు చెప్పలేదా?”

“చెప్పినం. చెప్పులేసుకోమన్నడు.”

నవత కిందికి దిగింది. సమ్మక్క ఆమె వెంటే వచ్చింది. మెట్టు మెట్టుకూ ఏదో చెప్పబోయి ఆగింది. చివరికి కింద మెట్టు మీద నిలబడి, ఎవరూ వినకుండా అడిగింది.

“బిడ్డా, నా తోని ఒక తప్పు అయింది. పొద్దున ఖాడీ నీళ్లొస్తున్నయని సామాన్లు పైకి మోసుకునే ఆగంల ఎర్తు గుంతల నీళ్లు పోసుడు మరిచిన. ఒక్క పూటనే. గందుకేనా కొట్టింది?”

లోడు పెంచిన రోజుల్లో సమ్మక్క కొట్టుకు వచ్చి, ఎర్తు గుంత అంటే ఏమిటని అడిగింది. మిషను వొంట్లోకి కరెంటు దిగితే అది మనిషిని పట్టుకోకుండా భూమిలోకి వెళ్లిపోవడానికి తవ్వే గుంత అత్తా, ఉప్పూ బొగ్గూ వేసి పూడుస్తారు, ఎండిపోతే పని చేయదు, రోజూ ఒక చెంబెడు నీళ్లు పోయాలి, అని నవతే వివరంగా చెప్పింది. సమ్మక్క ఆ మాటను ఎట్లా పట్టుకుందో ఇప్పుడు కనిపిస్తోంది. కార్ఖానా వెనక మూల గుంత మీద ఇనుప మూత, మూతకు పసుపు రాసి ఉంది, నడుమ కుంకుమ బొట్టు. పక్కన ప్రత్యేకంగా ఒక ఇత్తడి చెంబు.

“ఇప్పుడు పోస్త చూడు,” అని సమ్మక్క చెంబు నింపుకొచ్చింది. మూత పక్కకు జరిపి, కొంగు నడుముకు చెక్కి, వంగి, ధార తెగకుండా పోసింది. ఇంట్లో పసిబిడ్డకు నీళ్లు పోసినంత భక్తిగా పోసింది.

నీళ్లు గుంత అంచుదాకా వచ్చి నిలబడ్డాయి. ఇంకవు. ఒక బొద్దింక వాటి మీద తేలింది. కాసేపటికి అంచు పొర్లి, నాపరాయి మీదుగా కాలువ వైపు పారాయి.

“గిట్లనే పారుతయి రోజు,” అంది సమ్మక్క. “భూమి నిండుగ తాగినంక మిగిలినయి ఎల్లిపోతయి గావచ్చు గదా?”

నవత మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టింది. మణికట్టు మునగకుండానే వేళ్లకు నున్నటి సిమెంటు తగిలింది. ఉప్పు లేదు, బొగ్గు లేదు. భూమే లేదు. సిమెంటులో గుచ్చి నిలబెట్టిన మూరెడు పైపు ముక్క ఒకటుంది. మగ్గాల నుంచి వచ్చిన ఎర్తు పట్టీని దానికి నీటుగా బోల్టు వేసి బిగించారు. ఆ బోల్టు బిగింపు ఎవరి చేతిదో చూడగానే తెలిసింది.

మెయిన్ వేయించి, సంచిలోంచి బల్బు తీసి ఒక వైరు ఫేజుకూ, ఇంకో వైరు ఆ పట్టీకీ ఆనించింది. ఎర్తు బాగుంటే బల్బు నిండుగా వెలగాలి. లోపలి తీగ ఎర్రగా, వెలిగీ వెలగనట్టు కనబడి ఊరుకుంది.

“ఏంది బిడ్డా?”

చెప్పాల్సిన మాట నవత నాలుక చివరిదాకా వచ్చింది. సమ్మక్క ముఖంలోకి చూసింది. నిరుడు కొట్టుకు వచ్చి ఈ మనిషి ఇంకో మాట కూడా అడిగింది. ‘నువ్వు చూసినవా బిడ్డా? నువ్వు చూసినవంటే ఇగ మాకు రంది లేదు,’ అంది. నవత చూడలేదు. కానీ కాకా చేశాడు కదా అన్న ధీమాతో, ‘చూసిన అత్తా,’ అనేసింది.

ఇనుప మూతను మళ్లీ గుంత మీదికి జరిపింది. పసుపు వేళ్లకు అంటుకుంది.

“చిన్న రిపేరే అత్తా. నేను చెప్పేదాక ఏ మగ్గం నడుపకుండ్రి.”

సాంబయ్య తలెత్తాడు. “ఏదీ నడుపొద్దా? పండుగలోపు తాన్లు అప్పజెప్తమని సేఠ్‌కు మాటిచ్చినం.”

“వద్దు మామా. ఒక్కటి సుత వద్దు.”

“నా తప్పేనా చెప్పు,” అని సమ్మక్క మళ్లీ అడిగింది.

“నీ తప్పేం లేదత్తా,” అని మాత్రం అంది నవత. అని, గల్లీలో మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేతిలో పట్టుకుని నడిచింది.

*

గంగారాం కాకా గల్లీ మలుపు దగ్గరి చాయ్ బండి కింద, టార్పాలిన్ నీడలో దొరికాడు. సైకిలు బండికి ఆనించి ఉంది. నవతను చూడగానే ముఖం విప్పారింది. ఇంకో కటింగ్ చాయ్ చెప్పాడు.

“కాకా, సమ్మక్కత్త గుంతల ఏం పెట్టినవ్?”

ఆయన గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. బుకాయిస్తాడేమో అనుకుంది. అబద్ధమాడితే బాగుండు అని కూడా అనుకుంది, ఒకవేళ నమ్మగలుగుతానేమోనని. ఆయన బుకాయించలేదు.

“మీ అన్న ఇచ్చిందే పెట్టిన. మూరెడు పైపిచ్చిండు, మూతిచ్చిండు. సిమెంటేసి మూసిన.”

“ఎర్తు లేని మిషనుకు చెయ్యి పెట్టొద్దని నువ్వే గదా నాకు చెప్పింది!”

“చెప్పిన.”

“నిలువెత్తు గుంత తవ్వి, ఉప్పుకొక వరస, బొగ్గుకొక వరస వేయించినవ్ గదా నాతోని. చేతులు బొబ్బలెక్కినయని ఏడిస్తే, ‘మంది పానం బిడ్డా’ అన్నవ్ గదా.”

“అన్న.” గంగారాం గ్లాసు కింద పెట్టాడు. ఆయన గొంతులో సిగ్గు ఉంది కానీ దాని వెనక ఏదో కోపం కూడా ఉంది. “అప్పుడు పని నా పేరు మీద నడుస్తుండె. ఎవలకన్న కరెంటు కొడితే నా ఇంటి ముందటికొచ్చి తిడుదురు. మా ఇంటామె నల్ల కాడికి పోతే మాటలు పడాలె. గా భయానికే గుంత మంచిగ తవ్వేటోన్ని. లైసెన్సు లేకుండె గని భయముండె. ఇప్పుడు నన్నెవలు అడుగుతరు? లైసెన్సు లేనోడివి, నీతోని పని చేయించుకుంటే ఆఫీసుల చెల్లదు అన్నరు అందరు. మీ అన్న కాడ కూలికి జేరిన. కూలోనికి ఇచ్చింది బిగించుడే పని. అన్నిటి మీద నీ సంతకమాయె. సంతకం పెట్టేది నువ్వు, నువ్వు చూసుకుంటవులే అనుకున్న.”

“నేనేమో నువ్వు చేసినవులే అనుకున్న కాకా.”

వాన టార్పాలిన్ మీద గుంట కట్టింది. చాయ్ వాడు కర్రతో కింద నుంచి పొడిస్తే ఆ నీళ్లన్నీ ఒక్కసారి రోడ్డు మీద పడ్డాయి. ఆమె చాయ్ తాగకుండానే లేచింది. తండ్రి లేని ఇంట్లో, తండ్రిలాంటివాడని ఆమె ఇన్నాళ్లూ లోపల దాచుకున్న మనిషి ఆయన.

*

పున్నమి పొద్దున పరమేశ్ తలంటుకుని, పాత జంజెం తీసి కొత్తది వేసుకుని, నుదుట బొట్టుతో పీట మీద కూర్చున్నాడు. పద్మశాలి ఇంట్లో ఆ పూట మగవాడు కాస్త దేవుడిలా ఉంటాడు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. నవత పళ్లెంలో రాఖీ, పసుపు, మిఠాయి పట్టుకుని ఎదురుగా నిలబడింది.

“సమ్మక్కత్త కాడ గుంత ఉత్తదే అన్నా.”

“ముందుగాల కట్టే. తర్వాత కొట్లాడుండ్రి,” అంది తల్లి వినోద వంటింట్లోంచి.

ఆ మాట నవత చెవికి అప్పుడే వింతగా తోచింది. కొట్లాట ఉంటుందని అమ్మకెలా తెలుసు? అయినా రాఖీ కట్టింది. ముడి రెండుసార్లు జారింది. పరమేశ్ ఆమె నోట్లో మిఠాయి పెట్టి, పళ్లెంలో చీర పెట్టాడు. ఆ తర్వాత తాపీగా, ధరలు చెబుతున్నట్టు చెప్పాడు.

“ఎరుకే. కాకా చెప్పిండు నువ్వొచ్చినవని. రేపో ఎల్లుండో పోయి ఒక రాడ్డు కొట్టిస్త, అయిపోతది. గింత దానికి షోర్ చెయ్యకు.”

“ఎన్ని గుంతలున్నయి గిట్ల?”

పరమేశ్ భుజం మీది కొత్త దారాన్ని సర్దుకున్నాడు.

“అన్నీ గిట్లనేనా అన్నా?”

“మొదాట్ల చేసినయి బరాబరే ఉన్నయి. నిరుటి సంది చేసినయే జర... నువ్వు దుకాణంల కూసుంటవు, బయట నడిచేది నీకెరుకలేదు. వరాఛాల, ఉధనల, ఏడ చూసినా సంతకం అమ్మేటోళ్లే. మనకంటె తక్కువకు పెడుతున్నరు. జనం పైసలిచ్చేది కాగితానికే. గుంతకు ఎవడిస్తున్నడు చెప్పు? చూసేటోళ్లు వస్తే మూత చూస్తరు, పట్టీ చూస్తరు, పోతరు. తవ్వి చూసేటోడు ఇంతవరకు రాలె.”

“కరుణ సచ్చిపోతుండె!”

“సావలేదు గదా.”

ఆ రెండు మాటలు అన్నది తన అన్నేనా అని నవత అతని ముఖంలోకి వెతికింది. అన్నే. తను ఐటీఐలో చేరతానంటే తల్లి వద్దంటే, పది మందితో కొట్లాడి చేర్పించిన అన్నే. అందరి ముందూ ‘నా చెల్లె సూరత్‌ల మన కులపోళ్లల్ల మొదటి లైసెన్సు’ అని మిఠాయిలు పంచిన అన్నే. అప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరగడం ఆమె చూసింది. ఆ నీళ్లు దేనికో ఇప్పుడు మళ్లీ లెక్క చూసుకోవాల్సి వస్తోంది.

“నేను ఆఫీసుకు రాస్త. నేను చూడకుండ సంతకాలు పెట్టిన, నా సంతకాలు వాపస్ తీసుకుంటున్న అని రాస్త.”

“రాయ్.” పరమేశ్ మిఠాయి ముక్క తుంచుకున్నాడు. “అన్ని గాళాలల్ల కరెంటు తీసేస్తరు. అన్ని మనోళ్లయే. మగ్గాలు బంద్ అయితే ముందుగాల నీ మీదికే వస్తరు, నా మీదికి గాదు. బోర్డు మీద పేరెవరిదే? నీ లైసెన్సు సుత పోతది. పోయినంక పనిచ్చేటోడెవడు నీకు?”

నవత వంటింటి వైపు తిరిగింది. “అమ్మా, నీకెరుకేనా గిది?”

వినోద పొయ్యి మంట తగ్గించింది. పెంచింది. మళ్లీ తగ్గించింది.

“ఇంట్ల మాట బయటికి పోవద్దు బిడ్డా,” అంది.

ఇంట్లో అందరికీ తెలుసు. బోర్డు మీద పేరున్న మనిషికి ఒక్కదానికే తెలియదు. నవతకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే కొట్టుకు నడిచింది. స్టూలెక్కి, లైసెన్సు చట్రాన్ని మేకు నుంచి తీసి సంచిలో పెట్టుకుంది.

వెనకే వచ్చిన పరమేశ్ ఆమెను ఆపలేదు. ఆపుతాడని, కనీసం ‘ఎటు పోతున్నవే’ అంటాడని చూసింది. అతను ఫోను తీసి లైసెన్సున్న ఇంకెవరికో కలిపి, గుజరాతీలో, “హా ప్రవీణ్‌భాయ్, నెలకు ఎన్ని సంతకాలు పెడతారు మీరు?” అన్న అర్థం వచ్చేలా నవ్వుతూ మాట్లాడాడు. మాట్లాడుతూనే మార్కండేయుడి పటాన్ని గోడ నడిమికి జరిపాడు.

*

మర్నాడు నవత వేరే బజారులో, వేరే కొట్లో రాగి రాడ్డు కొంది. ఉప్పు బస్తా, బొగ్గు బస్తా కొని షటిల్ రిక్షాలో వేయించింది. వాటి కోసం అమ్మేసిన బంగారు కమ్మలు ఆమె చెవులకు లేవు. దారి పొడుగునా చెప్పబోయే మాటలు లోలోపల పేర్చుకుంది. అత్తా, నా అన్న మోసం చేసిండు. కాకా మోసం చేసిండు. నాకు ఎరుకలేకుండె. ఇగో, నా చేతులతోని బాగు చేస్త, నువ్వు పైస ఇయ్యద్దు. సమ్మక్క కోప్పడుతుంది, తర్వాత దగ్గరికి తీసుకుంటుంది. ఆ ఇంట్లో తను కరుణతో సమానంగా పెరిగింది. ఈ లోకంలో తన బాధ అర్థం చేసుకునే మనిషి ఇంకెవరైనా ఉంటే సమ్మక్కే.

కార్ఖానా తలుపు తీసే ఉంది. లోపల గడ్డపార చప్పుడు వస్తోంది.

వెనక మూలలో సిమెంటు పగలగొట్టి ఉంది. పసుపు రాసిన ఇనుప మూత గోడకు చేరేసి ఉంది. నడుము లోతు గుంతలో గంగారాం కాకా బనీనుతో నిలబడి మట్టి ఎత్తుతున్నాడు. సాంబయ్య పైనుంచి తట్ట అందుకుంటున్నాడు. గుంత అంచున పీట వేసుకుని సమ్మక్క కూర్చుంది. నవతను చూసి లేచింది. మర్యాదగా లేచింది, బంధువు ఇంటికొస్తే లేచినట్టు కాదు, ఆఫీసు నుంచి ఎవరో వస్తే లేచినట్టు.

“రాండ్రి మేడం. కరుణా, కుర్చీ తే.”

సమ్మక్క నోటి నుంచి ‘బిడ్డా’ అన్న మాట రాలేదు. నవత పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ చెదిరిపోయాయి.

“అత్తా, నేను చెప్దామనే వచ్చిన...”

“ఇయ్యాల వచ్చినవ్. మొన్న ఏమాయె?” సమ్మక్క గొంతు పెంచలేదు. “మొన్న మూత దీసినవ్, చెయ్యి పెట్టినవ్, మళ్ల మూత ఏసినవ్. నేను నీ మొకమే చూస్తుంటి. నువ్వు గల్లీ దాటంగనే ఈయనతోని గడ్డపారేయించిన. జానెడు సుత దిగలే, కింద అంత సిమెంటే. ఏడాది సంది నీళ్లు పోసిన నేను. జరమొచ్చినా లేచి పోసిన. మొన్నటి పూట పోయలేదని, నా కోడలు నా చేతులనే సచ్చిపోతుండెనని, నువ్వొచ్చేదాక దేవునికి మొక్కుకున్న. నీ తప్పు లేదని నువ్వు ఒక్క మాట అని పోయినవ్. తప్పు ఎవలదో చెప్పలే.”

“మా అన్న చేసిండత్తా. నాకెరుకలేదు. నిజంగ ఎరుకలేదు.”

“చూసినవా అని అడిగితే చూసిన అన్నది మీ అన్న గాదు.”

గుంతలో పార ఆగింది. గంగారాం తలెత్తలేదు. సమ్మక్క అటు తిరిగి, “నువ్వు ఆపకు కాకా,” అంది. పార మళ్లీ కదిలింది.

నవత కుర్చీ పట్టుకుని నిలబడింది. అవమానంలో మనిషికి ఒక్కోసారి తప్పు మాట వస్తుంది. ఆమెకూ వచ్చింది. “కాకా సుత మోసం చేసిండు గదా. మళ్ల ఆయన్నే పిలిచినవా?”

“చేసిండు. వాకిట్ల నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టిన. పాత రేటుకు చేస్తనన్నడు, కాగితం లేకుండ. రమ్మన్న. ఇంకెవల్ని పిలువాలె? సంతకమున్నోళ్లను ఇంకోసారి పిలిచే తాకతు మాకు లేదు.” సమ్మక్క పీట మీద కూర్చుంది. “అప్పుడు గీ కాకానే తవ్వుతుంటే మేం పైన కూసోని చాయ్ తాగినం. ఎందుకు? నీ సంతకం ఉండె గదా. అంత పెద్ద చదువు చదివినామె చూస్తది, మనకేం తెలుస్తది అనుకున్నం. ఇప్పుడు ఏ సంతకం లేదు. గందుకే పొద్దుగాల సంది ఈడ్నే కూసున్న. మూత్రానికి సుత లేవలే.”

మెట్ల మీద కరుణ నిలబడి ఉంది, కట్టు కట్టిన చెయ్యి పొట్టకు ఆనించుకుని. ఆమె నవత వైపు చూసి చూపు తిప్పుకుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

బయట రిక్షా వాడు బస్తాలు ఎక్కడ దించాలని హిందీలో అరిచాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. నవత వెళ్లి వాడికి డబ్బులిచ్చి పంపింది. ఉప్పు బస్తాను తనే ఈడ్చుకొచ్చింది, తర్వాత బొగ్గు బస్తాను, చివరికి రాడ్డును. సాంబయ్య సాయానికి లేవబోతే సమ్మక్క చూపుతోనే ఆపింది. తర్వాత తనే రాడ్డు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి రంగు చూసింది. నేల మీద నిలబెట్టి తన ఎత్తుతో పోల్చుకుంది. పక్కన పెట్టింది.

“మంచిదే,” అంది. ఎవరితోనో తెలియలేదు.

నవత చున్నీని నడుముకు బిగించింది. చెప్పులు విడిచింది.

“నేను దిగుత అత్తా. కాకా ఒక్కడు పొద్దుమీకేలోపు చెయ్యలేడు.”

సమ్మక్క చాలాసేపు ఆమెను చూసింది. ఆ చూపులో కోపం అయిపోయింది, ప్రేమ రాలేదు. బజారులో కూలీ మనిషిని పనికి పిలిచే ముందు చేతులు చూస్తారే, అట్లా చూసింది.

“దిగుతవా? దిగు. సంతకం మాత్రం పెట్టకు.”

నవత గుంతలోకి దిగింది. గంగారాం పక్కకు జరిగి, ముఖంలోకి చూడకుండా ఆమె చేతికి పార ఇచ్చాడు. సమ్మక్క ఇద్దరి చేతులూ కనిపించేటట్టు పీటను అంచుకు దగ్గరగా లాక్కుని కూర్చుంది.